అయిదో మెలిక

వాగుకి వెళ్లేటప్పుడు వెంట ఏం పట్టుకెళ్లాలో గవరయ్యకి తెలియకుండా పోయి మూడేళ్లయింది.

అంతకుముందు ఆ సంగతి తెలుసుకోవాలంటే నాలుగూళ్ల వాళ్లూ అతని దగ్గరికే వచ్చేవారు. గవరయ్య పడవలు కట్టే వడ్రంగి. మన్యం కొండల అంచున ఇల్లు. పని లేని రోజున కొండెక్కి ఏడుమెలికల వాగులో గాలం వేసేవాడు. వానపాముల్నీ పిండిముద్దల్నీ ముట్టుకునేవాడు కాదు. కొండవాగు చేప నీటి మీద వాలిన ఈగని చూసి పైకొస్తుంది. అందుకని ఇనప ముల్లుకి ఈకలు చుట్టి, దారంతో బిగించి, అచ్చం ఈగలా కనిపించేట్టు చేసేవాడు. ఈకముల్లు అనేవారు దాన్ని. ఏ నెలలో ఏ రంగు ఈక కట్టాలి, మబ్బు పడితే ఏది, ఎండ కాస్తే ఏది, కర్ర ఎంత పొడుగుండాలి, గాలానికి కట్టే తంగూసు ఎంత సన్నంగా ఉండాలి అని అడిగినవాళ్లకి విసుక్కోకుండా చెప్పేవాడు. చెబుతున్నప్పుడు గొంతులో కొంచెం గర్వం పలికేది. టేకు చెక్కతో ఇరవైనాలుగు గళ్ల పెట్టె ఒకటి తనే చేసుకున్నాడు. గడికో రకం ఈకముల్లు.

ఆ వాగులోనే అతని కూతురు తాయారు పోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. తండ్రితో పాటు చేపలకి వెళ్లి, అయిదో మెలిక దగ్గర బండ మీంచి జారింది. అక్కడ మడుగు లోతు. అతను దూకి వెతికాడు. పిల్ల దొరికేసరికి పొద్దు వాలింది. దొరికింది రెండు మెలికల కింద.

భార్య నూకరత్నం అతన్ని ఒక్క మాట అనలేదు. అతని మేనకోడలే ఆమె. చిన్నప్పటి నుంచీ మావా అని పిలిచిన మనిషి. గట్టిగా తిట్టి ఉంటే బాగుండునని గవరయ్యకి చాలాసార్లు అనిపించింది. ఆమె తిట్టలేదు. అన్నం పెట్టానంది, నీళ్లు తోడానంది. మూడేళ్లూ ఆ ఇంట్లో అంతే మాట. తాయారు పేరు ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు.

కొండ మొదట్లో గుడిసె వేసుకుని కామయ్య అనే, అచల తత్వం బోధించే గురువు ఉండేవాడు. బెస్తవాడు. డెబ్బై దాటిన మనిషి. కాషాయం లేదు, గడ్డం లేదు. మోకాళ్ల పైకి పంచె, తలకో తువ్వాలు. ఆయన దగ్గర బోధ తీసుకోవడానికి చాలా ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. పొద్దున్నే వాగుకి పోయి తన కూరకి సరిపడా ఒక చేప పట్టుకొచ్చేవాడాయన. అది కొందరికి మింగుడు పడేది కాదు.

"సంసారం వదిలేసినవాళ్లకి చేపలెందుకండీ?" అని ఒకాయన అడిగాడు.

"నేనేం వదల్లేదండి. అదే నన్ను వదిలింది" అన్నాడు కామయ్య. ఆయన భార్య పోయి అప్పటికి పదేళ్లు.

తాయారు పోయిన రెండేళ్లకి గవరయ్య ఆయన్ని ఆశ్రయించాడు. బోధ ఇవ్వమని కాళ్ల మీద పడ్డాడు. కామయ్య అతని చేతులు చూసి, "వడ్రంగివా? గుడిసె నిట్రాడు పుచ్చిపోయింది, చూడు" అన్నాడు. గవరయ్య ఆ నడిమి గుంజ మార్చాడు. తలుపు బిగించాడు. వచ్చేవాళ్లు కూచోడానికి బల్లలు చేశాడు. ఏడాది గడిచింది. బోధ మాట ఆయన ఎత్తలేదు, అతనూ మళ్లీ అడగలేదు.

ఒకరోజు నలుగురూ కూచుని ఉండగా గవరయ్య ఉన్నట్టుండి నోరు తెరిచాడు.

"గురువుగారండీ, మళ్లీ వాగుకి వెళ్లాలని ఉందండి. వెళ్లలేకపోతున్నానండి. ఏం పట్టుకెళ్లాలో తెలియడం లేదు."

పక్కనున్నవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఒకతను నవ్వాపుకున్నాడు. నాలుగూళ్లకీ చెప్పిన మనిషి అడగవలసిన మాటా అది?

కామయ్య నవ్వలేదు. "రేపు పొద్దున్నే పోదాం. నీకు కావాలనిపించినవన్నీ తెచ్చుకో" అన్నాడు.

మర్నాడు గవరయ్య వస్తుంటే మనిషి కనిపించలేదు, మూటలే కనిపించాయి. రెండు వెదురు కర్రలు. పడవని కట్టే లావుపాటి తాడు, ఇరవై బారలది. గాలి కొట్టిన లారీ ట్యూబు ఒకటి. గోనెసంచిలో కొడవలి, టార్చిలైటు, పోలీసు ఈల, దెబ్బలకి వేసే మందులు, పొడి బట్టలు, అగ్గిపెట్టెలు మైనపు గుడ్డలో చుట్టినవి. అన్నిటికీ అడుగున పాతచీర పేలికతో ముడేసిన టేకు పెట్టె.

కామయ్య దగ్గర ఉన్నది ఒక వెదురు కర్ర, దాని కొసకి చుట్టిన తంగూసు. ఈకముల్లు తలగుడ్డకి గుచ్చి ఉంది.

ఆయన ఆ మూటల వంక కాసేపు చూశాడు. లారీ ట్యూబు ఎత్తి మెడలో వేసుకున్నాడు. తాడు చుట్ట భుజానికి తగిలించుకున్నాడు. గవరయ్య అయ్యో అయ్యో అంటూ వెనకపడ్డాడు. ఆయన అప్పటికే మెట్ట ఎక్కుతున్నాడు.

ఆ రోజు రెండో మెలిక దాకా వెళ్లారు. కామయ్య గాలం వేశాడు. గవరయ్య సంచి కట్టు విప్పలేదు. నీటికి పదడుగుల దూరంలో, చెట్టుకి వీపు ఆనించి కూచున్నాడు. చేప పడ్డాక ఇద్దరూ దిగి వచ్చేశారు.

ఇలా అయిదు రోజులు జరిగింది. రోజూ ఆ సామానంతా ఎక్కింది, రోజూ దిగింది. పైగా పెరిగింది. రెండో రోజున పాదం జారకుండా గోనెపట్టాలు తెచ్చాడు. మూడో రోజున కట్టు కట్టడానికి పాత పంచె చింపి తెచ్చాడు. నాలుగో రోజున ఇంకో తాడు. మెట్ట మీద ముసలాయన రొప్పుతూ ఆగినప్పుడల్లా గవరయ్యకి ప్రాణం చచ్చిపోయేది.

అయిదో రోజున ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారండీ, ఇందులో అక్కర్లేనివేవో చెప్పండి. ఇంటి దగ్గర పెట్టేసి వస్తాను."

"అక్కర్లేకపోతే తెచ్చేవాడివి కాదుగా."

"మీరు మోస్తున్నారండీ. నేను చూడలేకపోతున్నాను."

కామయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ట్యూబు ఒరిసినచోట తోలు ఎర్రగా కందింది.

"బరువెంతో నాకూ తెలియాలి కదా" అని లేచి నడిచాడు.

ఆరో రోజున నాలుగో మెలిక దాకా వచ్చారు. కామయ్య గాలం విసరగానే ముల్లు నీళ్లలోని వేరుకి తగులుకుంది. లాగితే తంగూసు తెగింది. ఆయన తెచ్చుకున్నది ఆ ఒక్క ముల్లే.

"గవరయ్యా, ఒక ఈకముల్లు ఇయ్యి."

గవరయ్య కదల్లేదు.

"నీ పెట్టెలో ఉంటాయిగా."

సంచిలోకి చెయ్యి పెట్టి గవరయ్య పెట్టె తీశాడు. ఒళ్లో పెట్టుకున్నాడు. పేలిక ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. మూడేళ్లలో ఆ మూత తెరుచుకోవడం అదే.

లోపల ఈకలు లేవు. పురుగు తినేసింది. కోడి మెడ ఈకలూ, కొంగ ఈకలూ, నెమలి పీచూ అన్నీ పొడై గళ్ల అడుగున బూడిదలా పేరుకున్నాయి. ముళ్లు మాత్రం ఉన్నాయి, తుప్పు పట్టి. కొన్నిటికి ఎర్రదారం ముడులు మిగిలాయి. ఎర్రదారంతో కట్టినవి తాయారువి. చిన్న వేళ్లు కదా, ముడి గవరయ్య కంటే బాగా పడేది. తన ముళ్లు తనకి తెలియాలని ఎర్రదారం వేసేది.

గవరయ్య ఆ ముడుల్ని చూస్తూ కూచున్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, చెప్పడం మొదలుపెట్టాడు. వాగు చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోయాయి. కామయ్య దగ్గరికి జరిగి కూచున్నాడు.

"ఆ వేళ నీళ్ల మీద తెల్లరెక్కల పురుగు వాలుతోందండి. చేపలు ఎగురుతున్నాయి. ఏ ముల్లు కట్టాలా అని నేను పెట్టె ముందేసుకుని కూచున్నాను. బూడిదరంగు కొంగ ఈకా, తెల్ల కోడి ఈకా అని. పిల్ల బండ మీద కూచుంది. నాన్నా చూడు అంది. ఆగమ్మా, ఒక్క నిమిషం అన్నాను. మళ్లీ పిలిచింది. నాన్నా, చూడూ అంది. ఆగమన్నానా అని విసుక్కున్నాను. కొంగ ఈకే కట్టి తలెత్తాను. బండ మీద పిల్ల లేదండి."

గవరయ్య పెట్టె అంచుని బొటనవేలితో రుద్దాడు.

"ఎవరికీ చెప్పలేదండి ఇది. చూస్తూ ఉండగానే జారిందని చెప్పాను. మా ఆవిడకి కూడా అంతే చెప్పాను. ఆ ఒక్క నిమిషం నేను తలెత్తి ఉంటే..."

నీ తప్పు కాదని కామయ్య అనలేదు. రాత అనలేదు. రుణం తీరిందనీ అనలేదు. ఈ మూడేళ్లలో ఊళ్లో వాళ్లంతా ఆ మాటలే అన్నారు. ఆయన పెట్టె మూత మెల్లగా మూసి పక్కన పెట్టాడు.

"పాప ఏం చూడమంది?" అని అడిగాడు.

గవరయ్యకి అర్థం కాలేదు.

"నాన్నా చూడు అంది కదా. ఏం చూడమంది?"

గవరయ్య వాగు వంక చూశాడు. ఆ నిమిషాన్ని వెయ్యిసార్లు తలుచుకున్నాడు. పెట్టె తలుచుకున్నాడు, గళ్లు తలుచుకున్నాడు, తన చేతుల్నీ తన విసుగునీ తలుచుకున్నాడు. పిల్ల ఏం చూపించబోయిందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"తెలియదండి" అన్నాడు.

కామయ్య లేచి వాగు వెంబడి పైకి నడిచాడు. గవరయ్య ఆయన వెనకే వెళ్లాడు. సంచీ కర్రలూ తాళ్లూ అక్కడే ఉండిపోయాయి.

అయిదో మెలిక దగ్గర బండ అలాగే ఉంది. గవరయ్య దూరంగానే ఆగిపోయాడు. కామయ్య ముందుగా బండ మీదికి పాకి, వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని గవరయ్య ఎక్కాడు. ఇద్దరూ పిల్ల కూచునే చోట, నీటి వైపు తిరిగి కూచున్నారు.

మధ్యాహ్నం దాకా కూచున్నారు. ఆ రోజు మబ్బు పట్టింది. ఒక లకుముకిపిట్ట వచ్చి కొమ్మ మీద వాలి, రెండుసార్లు నీళ్లలో పడి లేచింది. ఎండుటాకు ఒకటి మడుగులో గుండ్రంగా తిరిగింది. అవతల ఒడ్డున తడి ఇసుక మీద పసుపు సీతాకోకచిలుకలు గుంపుగా వాలాయి. గట్టు కిందనుంచి పీత ఒకటి బయటికొచ్చి, వీళ్లని చూసి లోపలికి పోయింది. పదేళ్లు ఆ మెలికకి వచ్చాడు గవరయ్య. ఇవేవీ చూసిన గుర్తు లేదు. చేప ఎక్కడ ఎగురుతుందో అదే చూసేవాడు.

"ఏం కనపడింది?" అన్నాడు కామయ్య.

"చాలా కనపడ్డాయండి. ఏది చూడమందో తెలియలేదు."

"ఆ పిల్ల ఊసులన్నీ ఎవరితో చెప్పుకునేది?"

"వాళ్లమ్మతోనండి."

కామయ్య పంచె దులుపుకుని లేచాడు. ఆ రోజు ఆయనకి చేప లేదు. చింతచిగురు కోసుకుని దిగాడు.

గవరయ్య ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, రత్నం దాని ముందు కూచుని రేపటికి బియ్యం చెరుగుతోంది. అతను గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"రత్నం."

"అన్నం అయిపోతంది. కాళ్లు కడుక్కో."

"ఆ వేళ తాయారు నన్ను చూడమంది. రెండుసార్లు పిలిచింది. నేను చూడలేదు. పెట్టెలో ఈకముల్లు వెతుక్కుంటున్నాను. నేను చూస్తుండగా జారలేదు రత్నం. నీకు అబద్ధం చెప్పాను."

చేట ఆగింది. పేరు విన్నందుకో, మాట విన్నందుకో, రత్నం మొహం పక్కకి తిప్పుకుంది. పొయ్యిలో కట్టె కూలి నిప్పులు చెదిరాయి. ఆమె వాటిని లోపలికి నెట్టలేదు. ఇప్పుడు తిడుతుందని గవరయ్య కాచుకున్నాడు. తిట్టనీ అనే కూచున్నాడు.

"ఆ పొద్దున అది నీతో రానంది మావా" అంది రత్నం. "ఇంట్లోనే ఉంటానంది. నేను ఇల్లు అలుక్కుంటన్నాను. కాళ్లకడ్డం పడుతుందని నేనే తోలాను. నాన్నతో పో అని నేనే తోలాను."

గవరయ్య ఆమె వంక చూశాడు. మూడేళ్లుగా ఆమె తనని ఎందుకు ఏమీ అనలేదో అతనికి అప్పుడు తెలిసింది.

"అది ఏం చూడమందో నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

"ఎందుకు తెలియదు? వాగు నించి వచ్చినప్పుడల్లా అదే చెప్పేది. పొద్దు కొండ మీదికొచ్చాక ఎదర గోడబండ మీద వెలుగు పాకుద్దంట. నీళ్లలోంచి లేచి, బండ మీద ఎవరో వల ఇసిరినట్టు కదులుద్దంట. కాసేపే ఉంటాదంట. నాన్నకి చూపిద్దామంటే..."

ఆగిపోయింది.

"చెప్పు రత్నం."

"నాన్న తలెత్తడే అమ్మా, అనేది."

అన్నాక రత్నం చేటలో మొహం పెట్టుకుని ఏడ్చింది. బియ్యం నేల మీద ఒలికింది. గవరయ్య లేచి వెళ్లి పక్కన కూచున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాలేదు. అతనూ ఏడ్చాడు. ఆ పూట అన్నం మాడిపోయింది. ఇద్దరూ అదే తిన్నారు.

తెల్లారాక రత్నం తల దువ్వుకుని, కొంగు బిగించి, గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తాను. చూపించు" అంది.

వాళ్లిద్దరూ వచ్చేసరికి కామయ్య కర్రకి కొత్త ముల్లు కట్టుకుంటున్నాడు. రాత్రి రాలిన ఏ కోడి ఈకో చుట్టినట్టున్నాడు, అంత అందంగా లేదు. గవరయ్య భుజాన ఇంట్లోంచి తెచ్చిన ఒక తాడు ఉంది. ఇంకేమీ లేదు.

"రత్నానికి ఈత రాదండి" అన్నాడు గవరయ్య.

"తాడు ఉంటే మంచిదే" అన్నాడు కామయ్య.

నాలుగో మెలిక దగ్గర నిన్నటి సామాను మంచుకి తడిసి పడి ఉంది. రత్నం ఒక్క క్షణం ఆగి, వంగి, టేకు పెట్టె మూత తెరిచింది. ఎర్రదారం ముడి ఉన్న ముల్లు ఒకటి చూసి, వేలితో తాకి, ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచి మూసేసింది.

అయిదో మెలిక దగ్గర గవరయ్య తాడు ఒక కొస మద్దిచెట్టుకి కట్టాడు. రెండో కొస రత్నం నడుముకి చుట్టి, పడవ వాళ్లు వేసే ముడి వేసి, రెండుసార్లు గుంజి చూశాడు. చెయ్యి పట్టుకుని ఆమెని బండ మీదికి ఎక్కించాడు.

"ఇక్కడేనా?" అంది రత్నం.

"ఇక్కడే."

ఆమె కూచుంది. అరచేత్తో బండని నిమిరింది. నిమురుతూనే ఉంది. గవరయ్య పక్కన కూచున్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. కొండ నీడ వాగు మీదినుంచి కొంచెం కొంచెంగా జరుగుతోంది. చాలాసేపు ఏమీ జరగలేదు.

నీడ అంచు మడుగుని దాటింది. ఎండ నీటికి తగిలింది. ఎదురుగా నిలువునా లేచిన నల్ల గోడబండ అడుగున ముందు ఒక గీత మెరిసింది. తర్వాత ఇంకొకటి. గీతలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, సాగి, ముడివడి, విడి, బండంతా పాకాయి. చప్పుడు లేకుండా ఎవరో వెలుగు వల విసిరి లాగుతున్నట్టు, మళ్లీ విసురుతున్నట్టు.

"అదుగో మావా" అంది రత్నం చిన్నగా. ఆమె గొంతు అచ్చం ఆ పిల్ల గొంతులా వినపడింది అతనికి.

గవరయ్య చూశాడు. కళ్లలో నీళ్లు నిండి వెలుగు చెదిరిపోతోంది. తుడుచుకుని మళ్లీ చూశాడు.

వెనకాల గులకరాళ్లు కదిలిన చప్పుడైంది. కామయ్య కర్ర పట్టుకుని ఆరో మెలిక వైపు పోతున్నాడు. గురువు ఒక్కడూ వెళ్తున్నాడని గవరయ్య అలవాటుగా లేవబోయాడు.

ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మీరు చూస్తూండండి. కూర సంగతి నేను చూసుకుంటాను."